డాక్టర్ సువర్ణ అల్లాడి పరిశోధనలు: సైటేషన్ల లెక్కను ఎలా చదవాలి?

"రెండు భాషలు మాట్లాడేవాళ్లకు మతిమరుపు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తుంది. హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు తేల్చారు. వందలమంది శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు." ఈ మెసేజ్ మన గల్ఫ్ తెలుగు గ్రూపుల్లో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది. పిల్లలు తెలుగు మాట్లాడటం లేదని బాధపడే అమ్మానాన్నలు వెంటనే పంచుకుంటారు. ఊళ్లో ఉన్న నాన్నగారికి మతిమరుపు మొదలైందని కంగారు పడేవాళ్లు మాత్రం, "మా నాన్నకి తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు మూడూ వచ్చు కదా, మరి ఇదేంటి?" అని అడుగుతారు.

మెసేజ్‌లో మొదటి రెండు వాక్యాలకు ఆధారం ఉంది, కాకపోతే కొంచెం సర్ది చెప్పుకోవాలి. మూడో వాక్యం మాత్రం తప్పు. ఒక పరిశోధనను వందలమంది ఉదహరించడం వేరు, వందలమంది ఒప్పుకోవడం వేరు. ఈ తేడా తెలియకపోతే డాక్టరును ఎంచుకునేటప్పుడు, పిల్లల పైచదువులకు ప్రొఫెసరును వెతికేటప్పుడు, వార్తల్లో "ప్రపంచ ప్రసిద్ధ శాస్త్రవేత్త" అని చదివినప్పుడు పొరపడతాం. నేను బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదివాను. పెళ్లయ్యాక బహ్రెయిన్ వచ్చి ఇల్లు చూసుకుంటున్నాను. పరిశోధకురాలిని కాను. కానీ పేపర్లు చదవడం అలవాటు పోలేదు. అందుకే మన తెలుగువాళ్లకు బాగా దగ్గరైన ఒక న్యూరాలజిస్టు పరిశోధనలనే ఉదాహరణగా తీసుకుని, ఈ లెక్కలను ఎలా చదవాలో రాస్తున్నాను.

ఎవరీ డాక్టర్?

డాక్టర్ సువర్ణ అల్లాడి న్యూరాలజిస్టు. హైదరాబాదులోని నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో, అంటే మనం నిమ్స్ అని పిలుచుకునే ఆసుపత్రిలో, చాలా ఏళ్లు పనిచేశారు. జ్ఞాపకశక్తి సమస్యలున్నవాళ్ల కోసం అక్కడ నడిచిన మెమరీ క్లినిక్ ఆధారంగా పరిశోధనలు చేశారు. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరాలజీ ప్రొఫెసర్ అయ్యారు. అంతకుముందు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జాన్ హాడ్జెస్ బృందంతో పనిచేశారు. ఆ బృందంతో కలిసి ఆమె రాసిన పేపర్ 2007లో "బ్రెయిన్" అనే జర్నల్లో వచ్చింది. అల్జీమర్స్ జబ్బు అందరిలోనూ మతిమరుపుతోనే మొదలవదని, కొందరిలో మాట తడబడటంతోనో, కళ్లెదుట ఉన్నదాన్ని పోల్చుకోలేకపోవడంతోనో మొదలవుతుందని చెప్పే పరిశోధన అది. న్యూరాలజిస్టులు ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తుంటారు.

2011లో నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 347 మంది డిమెన్షియా రోగుల్లో ఏ రకం జబ్బు ఎంతమందికి ఉందో చెప్పే పేపర్ వచ్చింది. 2013లో రెండు భాషల పేపర్ వచ్చింది. 2016లో పక్షవాతం మీద ఒకటి, 2017లో ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా అనే జబ్బు మీద ఒకటి వచ్చాయి. ఇవి కాక ఇంకా చాలా ఉన్నాయి. కానీ మామూలు జనానికి చేరింది మాత్రం 2013 నాటిదే.

ఆ పేపర్లో ఏముంది?

2013 నవంబరులో అమెరికన్ న్యూరాలజీ అకాడమీ వారి "న్యూరాలజీ" జర్నల్లో అది అచ్చయింది. మొదటి రచయిత సువర్ణ అల్లాడి. ఎడింబరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, కాగ్నిటివ్ సైన్స్ పరిశోధకుడు సూరంపూడి బాపిరాజు, నిమ్స్ న్యూరాలజిస్టు సుభాష్ కౌల్ తదితరులు సహ రచయితలు.

నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు తీసుకున్నారు. వాళ్లలో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. జబ్బు లక్షణాలు ఏ వయసులో మొదలయ్యాయో ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకున్నారు. ఒకే భాష మాట్లాడేవాళ్లలో సగటున 61 ఏళ్ల ప్రాంతంలో, రెండు భాషలవాళ్లలో 65 దాటాక లక్షణాలు కనిపించాయి. తేడా నాలుగున్నరేళ్లు. జబ్బు రకాన్ని బట్టి ఈ తేడా మారింది. అల్జీమర్స్‌లో మూడేళ్ల పైచిలుకు, ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాలో ఆరేళ్లు వచ్చింది. రెండుకు మించి భాషలు వచ్చినా అదనపు లాభం కనిపించలేదు.

అందరినీ ఆపి చూసేలా చేసిన విషయం ఇంకొకటి. చదువు అస్సలు లేనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది, అదీ ఆరేళ్ల మేర. అంటే ఇది బడి చదువు వల్ల వచ్చిన లాభం మాత్రమే కాదన్నమాట. ఇక్కడ సిత్రా, సల్మాబాద్ వైపు వర్క్‌షాపుల్లో పనిచేసే నిజామాబాద్, జగిత్యాల, కడప జిల్లాల అన్నలను చూడండి. చాలామంది పెద్దగా చదువుకోలేదు. ఇంట్లోవాళ్లతో తెలుగు, తోటివాళ్లతో హిందీ, మేస్త్రీతో నాలుగు అరబిక్ ముక్కలు. పరిశోధకుల దృష్టిలో రెండు భాషలు రావడమంటే సర్టిఫికెట్ ఉండటం కాదు, రోజువారీ అవసరాలు ఆ భాషలో గడుపుకోగలగడం.

సైటేషన్ అంటే ఏమిటి?

ఒక పరిశోధకుడు కొత్త పేపర్ రాసేటప్పుడు, తనకు ముందు ఆ విషయం మీద జరిగిన పనిని పేర్కొంటాడు. అలా ఒకసారి పేర్కొంటే ఆ పాత పేపర్‌కు ఒక సైటేషన్ వచ్చినట్టు. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాక ఈ లెక్కింపు పద్ధతి ప్రకారం సాగింది. గార్ఫీల్డ్ మొదటి ఉద్దేశం ర్యాంకులు ఇవ్వడం కాదు, ఒక పేపర్ నుంచి దానికి సంబంధించిన మిగతా పేపర్లకు దారి చూపించడం. పోటీ లెక్కగా మారింది తర్వాతే.

పేపర్‌ను పేర్కొనడానికి కారణాలు చాలా ఉంటాయి. "వీళ్లు చెప్పింది నిజమే, మాకూ అదే వచ్చింది" అనడానికి పేర్కొనవచ్చు. "వీళ్లు చెప్పింది మాకు కనిపించలేదు" అనడానికీ పేర్కొనవచ్చు. కేవలం ఆ పద్ధతి వాడుకున్నామని చెప్పడానికీ పేర్కొనవచ్చు. లెక్కలో మూడూ ఒకటే. మూడింటికీ ఒక్కో సైటేషనే.

పద్ధతి వాడుకున్నందుకు వచ్చే సైటేషన్లు ఎంత దూరం వెళ్తాయో బీఎస్సీ ల్యాబులో నిలబడ్డవాళ్లకు తెలుసు. ప్రొటీన్ ఎంత ఉందో కొలవడానికి మేం చేసిన లౌరీ పద్ధతి 1951 నాటి పేపర్లోది. నేచర్ పత్రిక 2014లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో అత్యధికంగా ఉదహరించిన పేపర్ అదే, 3 లక్షలకు పైగా సైటేషన్లు. ఫాస్ఫరస్ కొలవడానికి వాడే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆ పేపర్‌ను కూడా వేల సార్లు ఉదహరించారు. గొప్ప సిద్ధాంతం చెప్పినందుకు కాదు, ల్యాబులో రోజూ పనికొచ్చినందుకు.

హైదరాబాద్ పేపర్‌ను అంతమంది ఎందుకు ఉదహరించారు?

రెండు భాషలకు, డిమెన్షియాకు సంబంధం ఉందని మొదట చెప్పింది హైదరాబాద్ వాళ్లు కాదు. 2007లో కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలవాళ్లలో లక్షణాలు సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చాయని చెప్పింది. దానికి వెంటనే ఒక అభ్యంతరం వచ్చింది. టొరంటోలో రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. దేశం విడిచి వెళ్లేవాళ్లు మొదటినుంచీ ఆరోగ్యంగా, చురుగ్గా ఉండేవాళ్లే కావచ్చు. అప్పుడు ఆ నాలుగేళ్లు భాష వల్ల వచ్చాయా, వలస వెళ్లే రకం మనుషులు కావడం వల్ల వచ్చాయా?

ఈ చిక్కుముడిని విప్పడానికి హైదరాబాదు లాంటి ఊరు కావాలి. అక్కడ ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో హిందీ, ఇంగ్లిషు మాట్లాడే మనిషి ఎక్కడినుంచో వచ్చి ఉండక్కర్లేదు, పుట్టి పెరిగింది అక్కడే కావచ్చు. వలస అనే అంశాన్ని, చదువు అనే అంశాన్ని పక్కకు తీసి చూడటానికి వీలు దొరికింది. పైగా రోగుల సంఖ్య టొరంటో కన్నా మూడు రెట్లకు పైగా ఎక్కువ. అందుకే ఆ రంగంలో తర్వాత పేపర్ రాసిన ఎవరైనా, అవునన్నా కాదన్నా, దీన్ని పేర్కొనక తప్పని పరిస్థితి వచ్చింది. దాని సైటేషన్లు వందల్లోకి వెళ్లడానికి అసలు కారణం ఇది.

కాదన్నవాళ్లు ఏమన్నారు?

2014లో న్యూయార్క్ మన్‌హటన్‌లో స్పానిష్ మాట్లాడే వెయ్యి మందికి పైగా వృద్ధులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన వచ్చింది. లారా జాహోడ్నీ దాని మొదటి రచయిత. ఇంగ్లిషు కూడా వచ్చినవాళ్లకు, రానివాళ్లకు డిమెన్షియా రావడంలో తేడా కనిపించలేదు. 2017లో లండన్‌లో నహీద్ ముకాదమ్ బృందం అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి, మనుషులను ముందునుంచీ గమనిస్తూ వెళ్లిన పరిశోధనల్లో రెండు భాషల వల్ల రక్షణ కనిపించలేదని రాసింది.

రెండు రకాల ఫలితాలు ఎలా వస్తాయి? పరిశోధన మొదలయ్యే చోటే తేడా ఉంది. నిమ్స్, టొరంటో పరిశోధనలు జబ్బు వచ్చి ఆసుపత్రికి చేరినవాళ్లతో మొదలయ్యాయి. "ఎప్పుడు మొదలైంది?" అని ఇంట్లోవాళ్లను అడిగాయి. ఇంట్లోవాళ్లు ఎప్పుడు గమనించారన్నది కుటుంబాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్ పరిశోధన జబ్బు లేనివాళ్లతో మొదలై, ఎవరికి వస్తుందో చూస్తూ వెళ్లింది. రెండో పద్ధతి బలమైనదే, కానీ అక్కడ ఉన్నది వలస వచ్చిన ఒక సమాజం, హైదరాబాదులా రోజంతా భాషలు మార్చి మాట్లాడే ఊరు కాదు. 2024లో అల్లాడి సహ రచయితగా బెంగళూరులో ఆసుపత్రి బయట, ఇళ్లలో ఉండే వెయ్యి మందికి పైగా వృద్ధుల మీద చేసిన పరిశోధన వచ్చింది. అందులో రెండు భాషలవాళ్లలో డిమెన్షియా తక్కువగా కనిపించింది. చర్చ ఇంకా ముగియలేదు.

కాబట్టి నిజాయితీగా చెప్పుకోవాల్సింది ఇది: రెండు భాషలు జబ్బును ఆపుతాయని హైదరాబాద్ పేపర్ చెప్పలేదు. లక్షణాలు బయటపడటం ఆలస్యం కావచ్చని చెప్పింది. మెదడులో నష్టం జరుగుతున్నా, వాడి వాడి బలపడిన మెదడు కొంతకాలం నెట్టుకొస్తుందన్నది దాని వెనకున్న ఆలోచన. మూడు భాషలు వచ్చిన నాన్నగారికి మతిమరుపు రావడం ఆ పేపర్‌ను అబద్ధం చేయదు, ఆ పేపర్ ఆయనకు ఏ హామీ ఇవ్వలేదు.

ఒకే పేపర్ కాదు, వరస చూడాలి

పరిశోధకుల గురించి తెలుసుకోవాలంటే ఒక్క పేపర్ సైటేషన్ల కన్నా, ఆ ప్రశ్నను వాళ్లు ఎంత దూరం తీసుకెళ్లారన్నది ఎక్కువ చెబుతుంది. 2016లో "స్ట్రోక్" జర్నల్లో వచ్చిన పేపర్లో అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను చూసింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం. కానీ మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదని అదే పేపర్లో రాశారు. 2017 నాటి పేపర్లో ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాలో ప్రవర్తన మారే రకం ఆలస్యంగా వచ్చిందని, మాట దెబ్బతినే రకాల్లో ఆలస్యం కనిపించలేదని చెప్పారు. ఆ సంగతి పేపరు పేరులోనే పెట్టారు.

నన్ను ఆకట్టుకున్నది ఇదే. తమ ఆలోచనకు ఎక్కడ హద్దు ఉందో తామే చెప్పుకున్నారు. ఏ సైటేషన్ లెక్కలోనూ ఈ గుణం కనిపించదు. పేపర్ తెరిస్తేనే కనిపిస్తుంది.

హెచ్-ఇండెక్స్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్

అమెరికా భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో హెచ్-ఇండెక్స్ అనే కొలమానం చెప్పాడు. ఒకరి పేపర్లను ఎక్కువ సైటేషన్ల నుంచి తక్కువకు వరసగా పేర్చండి. ఆరు పేపర్లకు వరసగా 60, 25, 9, 5, 4, 1 సైటేషన్లు ఉన్నాయనుకుందాం. నాలుగో పేపర్‌కు కనీసం 4 ఉన్నాయి. ఐదో దానికి 5 లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. ఒక్క పేపర్ పేలినంత మాత్రాన ఇది పెరగదు, వంద పేపర్లు ఊరికే అచ్చేసినా పెరగదు.

దీనికీ లోపాలున్నాయి. వయసుతో పెరుగుతుందే కానీ తగ్గదు. కాబట్టి 30 ఏళ్ల అనుభవం ఉన్నవారిని, నిన్న మొన్న పీహెచ్‌డీ అయిన అమ్మాయిని దీంతో పోల్చకూడదు. రంగాన్ని బట్టీ మారుతుంది. న్యూరోసైన్స్‌లో పేపర్లు, సైటేషన్లు గణితంలో కన్నా చాలా ఎక్కువ. ముప్పైమంది రచయితల్లో ఇరవయ్యోవాడికీ, మొదటి రచయితకూ ఒకే సైటేషన్ పడుతుంది. వైద్య పరిశోధనల్లో సాధారణంగా మొదటి పేరు ఎక్కువ పని చేసినవారిది, చివరి పేరు బృందాన్ని నడిపినవారిది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది మనిషిది కాదు, జర్నల్‌ది. ఆ జర్నల్లో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క అది. పెద్ద జర్నల్లో అచ్చయిన పేపర్లలో కూడా ఎవరూ పట్టించుకోనివి ఉంటాయి. "మా అబ్బాయి గైడ్‌కు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కువ" అనే మాటకు అర్థం లేదు.

ఇక "స్టాన్‌ఫర్డ్ టాప్ 2 శాతం శాస్త్రవేత్త" అన్న బిరుదు. అది స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ అయానిడిస్ బృందం స్కోపస్ డేటాబేసు ఆధారంగా తయారు చేసే జాబితా. విశ్వవిద్యాలయం ఎంపిక చేసి ఇచ్చే అవార్డు కాదు. జాబితాలో ఉండటం మంచి విషయమే, కానీ సన్మానపత్రంలో రాసినట్టు అది పట్టాభిషేకం కాదు.

మన పేర్లతో వచ్చే చిక్కు

తెలుగు పరిశోధకుల లెక్కలు తప్పడానికి ఒక పెద్ద కారణం మన పేర్లే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, జర్నళ్లు చివర అడుగుతాయి. పైన చెప్పిన బాపిరాజుగారి పేరు కొన్ని పేపర్లలో సూరంపూడి ఇంటిపేరుగా, ఇంకొన్నింటిలో బాపి ఇంటిపేరుగా కనిపిస్తుంది. వసంతగారి పేరు ఒకచోట వసంత దుగ్గిరాల, ఒకచోట దుగ్గిరాల వసంత. కంప్యూటరుకు వీళ్లు ఇద్దరిద్దరు మనుషులు. దీనికి వ్యతిరేకమైన చిక్కూ ఉంది. "ఎస్. రావు", "కె. రెడ్డి" అని వెతికితే వందమంది పని ఒకరి ఖాతాలో పడుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడపిల్లల పేపర్లు రెండు ముక్కలైపోతాయి.

అందుకే 2012 నుంచి ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య వచ్చింది. ఉచితం. మీ పిల్లలు పరిశోధనలోకి వెళ్తుంటే మొదటి పేపర్‌కు ముందే అది తీసుకోమనండి. పేరు ఎలా రాయాలో, అంటే ఏది ఇంటిపేరో, అప్పుడే ఒకసారి తేల్చుకుని ఇక మార్చవద్దనండి.

లెక్కకు అందని పని

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం, ఈ ఐదు భాషల్లో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షలను తయారు చేసి సరిచూశారు. అల్లాడి ఆ పనిలో ముఖ్యులు. ఇలాంటి పేపర్లకు "రెండు భాషలు, నాలుగున్నరేళ్లు" అన్నంత ప్రచారం రాదు. అమెరికాలో కూర్చున్న శాస్త్రవేత్తకు తెలుగు పరీక్షతో పని పడదు కాబట్టి ఉదహరించడు.

కానీ మన ఇంటి పెద్దలకు ఏది అవసరం? ఇంగ్లిషు కోసం తయారైన పరీక్షలో ఒక పదాన్ని తిరగేసి స్పెల్లింగ్ చెప్పమంటారు. వర్ణమాల, గుణింతాలతో చదువుకున్న మన అమ్మమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాదు. బడికి వెళ్లని మనిషికి బొమ్మ గీయమంటే చేయి తిరగదు. అది జబ్బు కాదు, పరీక్ష కుదరకపోవడం. మన భాషకు, చదువు స్థాయికి తగ్గట్టు చేసిన పరీక్ష లేకపోతే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు జబ్బు ఉందనో, జబ్బు ఉన్నవాళ్లకు లేదనో తేల్చేస్తారు.

సైటేషన్లు వేలల్లో ఉన్నా

దీనికి రెండో వైపు కూడా చూడాలి. 2006లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం బృందం అల్జీమర్స్ మీద నేచర్ పత్రికలో ఒక పేపర్ ప్రచురించింది. మెదడులో చేరే ఒక ప్రత్యేకమైన ప్రొటీన్ రూపమే జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుందని దాని సారాంశం. దాన్ని 2 వేలకు పైగా సార్లు ఉదహరించారు. 2022లో సైన్స్ పత్రిక, అందులోని చిత్రాలను మార్చినట్టు అనుమానాలున్నాయని బయటపెట్టింది. 2024 జూన్‌లో ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. అన్నేళ్లు అన్ని వేల సైటేషన్లు దానికి గౌరవం తెచ్చాయి, నిజం మాత్రం తేలేదు.

మీరే చూసుకోవాలంటే

ఇవన్నీ ఇంట్లో ఫోన్లోనే చూసుకోవచ్చు. నేను పాటించే వరస ఇది.

ఒకటి, గూగుల్ స్కాలర్‌లో పేరు వెతకండి. ప్రొఫైల్ ఉంటే సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ కనిపిస్తాయి. గూగుల్ లెక్క స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లెక్కల కన్నా సాధారణంగా ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే అది థీసిస్‌లు, పుస్తకాలు కూడా కలుపుతుంది. ఇద్దరిని పోల్చాలంటే ఇద్దరినీ ఒకేచోట చూడండి.

రెండు, వైద్య విషయమైతే పబ్‌మెడ్‌లో పేపరు సారాంశం చదవండి. ఎంతమందిని చూశారు, ఎక్కడ చూశారు, ఆసుపత్రిలోనా, ఊళ్లోనా అన్నవి అక్కడే ఉంటాయి.

మూడు, ఎక్కువ సైటేషన్లున్న పేపర్లలో ఆ మనిషి పేరు ఎన్నోదో చూడండి.

నాలుగు, "ఉదహరించినవి" అన్న లింకు నొక్కి, రెండు మూడు కొత్త పేపర్లు తెరవండి. మెచ్చుకుంటూ పేర్కొన్నారా, వాదిస్తూ పేర్కొన్నారా అన్నది కాసేపట్లో తెలిసిపోతుంది.

ఐదు, వెనక్కి తీసుకున్న పేపర్ అయితే పబ్‌మెడ్‌లో పైనే ఆ సంగతి రాసి ఉంటుంది. చూడకుండా ముందుకు పంపకండి.

ఒక మాట గుర్తుంచుకోండి. ఇవన్నీ పరిశోధకులను అంచనా వేయడానికే, వైద్యం చేసే డాక్టరును ఎంచుకోవడానికి కాదు. రోగి మాట ఓపిగ్గా వినే డాక్టరుకు ఒక్క పేపరూ ఉండకపోవచ్చు.

బహ్రెయిన్‌లో ఉన్న మనకు

మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు, హిందీ, కొంత అరబిక్ వింటూ పెరుగుతున్నారు. డెబ్బై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బును చూపించి వాళ్లతో తెలుగు మాట్లాడించనక్కర్లేదు. తాతయ్యతో ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడగలగడం ఈరోజుకే పనికొచ్చే కారణం.

విజిట్ వీసా మీద వచ్చిన అత్తమామల్లోనో, అమ్మానాన్నల్లోనో తేడా గమనిస్తే మాత్రం, "రెండు భాషలు వచ్చు కదా, ఏం కాదులే" అని ఆగవద్దు. చెప్పిందే చెప్పడం, తెలిసిన దారిలో తప్పిపోవడం, డబ్బు లెక్కల్లో తికమక, స్వభావం మారిపోవడం లాంటివి కనిపిస్తే న్యూరాలజిస్టుకు చూపించండి. థైరాయిడ్ తక్కువ కావడం, బీ12 లోపం లాంటి నయమయ్యే కారణాలూ ఉంటాయి, ముందు వాటిని పరీక్షించాలి. ఇక్కడ పరీక్ష ఇంగ్లిషులోనో అరబిక్‌లోనో జరిగి, కోడలో కొడుకో మధ్యలో తర్జుమా చేయాల్సి వస్తే, ఆ సంగతి రిపోర్టులో రాయమనండి. పెద్దవాళ్లకు ఏయే భాషలు వచ్చు, ఎంతవరకు చదువుకున్నారు, ఏ పని చేసేవారు అన్నది ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. ఇండియాకు వెళ్లినప్పుడు మెమరీ క్లినిక్ ఉన్న ఆసుపత్రిలో తెలుగులో పరీక్ష చేయించమని అడగండి.